‘ప్రశాంతత’ కొట్టేశాక ఏం మిగిలింది?

అమ్మాయీ,

ఆశీస్సులు. అభయారణ్యంలో నడిచొచ్చి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ‘ప్రశాంతత’ అన్న మాట పదకొండు చోట్ల తగిలింది. అన్నీ కొట్టేసి చూస్తే ఒక కాలిబాట, రెండు చెట్లు, నీ నిట్టూర్పు మిగిలాయి. ఆ చెట్లయినా ఏ చెట్లో చెప్పలేదు.

అసలు అడవి ప్రశాంతంగా ఉంటుందని ఎవరన్నారు? తెల్లవారుతుండగా వెళ్లి చూడు, పిట్టలు గొంతు చించుకుంటుంటాయి. ఈ కొమ్మలు నావి, ఇటు రాకు అని ఒకటి, నాకో జోడీ కావాలి అని ఇంకొకటి. వడ్రంగిపిట్ట టకటకలన్నీ పురుగుల కోసమేనని నువ్వూ రాశావు. తిండి వెతికేటప్పుడు దాని దెబ్బలు ఆగి ఆగి పడతాయి. ఒకే ఊపున డోలు వాయించినట్టు వినిపించేది మాత్రం దండోరా, ఇది నా హద్దు అని. అందుకోసం బాగా మోగే ఎండుకొమ్మను ఏరి మరీ పట్టుకుంటుంది. ఇంత గొడవ నడుస్తున్న చోట మన మనసు ఎందుకు కుదుటపడుతుందో, రాయాల్సింది అక్కడ ఉంది.

నా సంగతీ చెబుతాను. అచ్చయిన నా మొదటి వ్యాసంలో ‘కోయిలమ్మ తీయగా పాడింది’ అని రాశాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి కార్డు వచ్చింది. అయ్యా, కుహూ అని కూసేది మగది, నల్లగా నిగనిగలాడేదీ అదే, ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, దాని అరుపు వేరు అని. తల కొట్టేసినట్టయింది. పాటల్లోనూ పద్యాల్లోనూ కోయిలమ్మే పాడుతూ వస్తోంది కాబట్టి నేనూ అలవాటుకొద్దీ విన్నాను, చెవులతో వినలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

నడక గురించి ఎక్కువ చెప్పను. మెల్లగా నడు, ఫోన్ సంచిలో పెట్టు. మనం అడుగుపెట్టగానే పిట్టలు ఒకదాన్నొకటి హెచ్చరించుకుని సర్దుకుంటాయి. కదలకుండా ఒక ఇరవై నిమిషాలు కూర్చుంటే మళ్లీ ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. ఫోన్‌లో పిట్టకూత పెట్టి పిట్టను పిలిచే తెలివి మాత్రం ఎప్పుడూ చూపించకు. పోటీదారు వచ్చాడనుకుని అది గూడు వదిలి టెన్షన్‌తో తిరుగుతుంది. ఫొటో కోసం బాట దిగకు. పదిమంది తొక్కిన నేల గట్టిపడి, గాలీ నీళ్లూ లోపలికి దిగక, మొలకే రాదు.

ఇక ఆ కూలిన చెట్టు. ‘ఒక మహావృక్షం వృథాగా పడి ఉంది’ అన్నావే, ఆ వాక్యం దగ్గర నాకు నిజంగా బాధేసింది. వ్యాసమంతా అక్కడే ఉంది, నువ్వు దాటుకుంటూ వెళ్లిపోయావు! అలాంటి చోట్ల దాన్ని కావాలనే వదిలేస్తారు. ముందు బూజులు, పుట్టగొడుగులు చెక్కలోకి దిగి మెత్తబరుస్తాయి. చెదలు, పెంకుపురుగుల పిల్లలు సొరంగాలు తవ్వుకుంటాయి. వాటికోసం వడ్రంగిపిట్ట వస్తుంది. ఎండి నిలబడ్డ మానైతే అది తొలిచి వదిలేసిన తొర్రలో తర్వాత చిలకో గోరింకో కాపురం పెడుతుంది. పైన చెట్టు పోయిన చోట ఆకాశానికి కన్నం పడుతుంది కదా, దాంట్లోంచి దిగిన ఎండకు, ఏళ్లతరబడి నీడలో గిడసబారి ఉన్న మొక్కలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. పడ్డ మాను మీద అరచేయంత బూడిదరంగు మచ్చ కనిపిస్తే అది లైకెన్. శిలీంధ్రం, నాచు కలిసి చేస్తున్న సంసారం. చాలా రకాలు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు పెరిగితే ఎక్కువ. ఇలాంటిదే బండ మీద కనిపిస్తే, వయసులో నీకంటే పెద్దది కావచ్చు.

వాన పడ్డాక మట్టి వాసన గురించి మంచి వాక్యమే రాశావు. ఆ వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా మన ముక్కు పసిగడుతుంది. ఎండిన నేల మీద వాన పడ్డప్పటి వాసనకు 1964లో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. ఈ పేర్లన్నీ వ్యాసంలో గుమ్మరించమని కాదు సుమా, అది ఇంకో జబ్బు. తెలిసి ఉంటే చాలు, చేయి తప్పుగా పోదు.

జపాన్ అటవీ శాఖ వాళ్లు 1982లో ఇలాంటి నడకకు ‘షిన్‌రిన్ యోకు’ అన్నారు, అడవి స్నానం అని. మాట బాగుంది. కాకపోతే స్నానం చేసినవాడు తల తుడుచుకుని వచ్చేస్తాడు, మనకు అలా కుదరదు. జేబులో చిన్న పుస్తకం ఉంచుకుని శబ్దాలు, రంగులు, ఎన్ని ఉన్నాయి, ఎంతసేపు ఉన్నాయి, అవి మాత్రం అక్కడికక్కడే రాసుకో. విశేషణాలకు తొందర లేదు, ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. దోమ కుట్టిందా, రాయి. చెప్పు కరిచిందా, మధ్యలో విసుగు పుట్టి టైమ్ చూసుకున్నావా, అదీ రాయి. నీ వ్యాసంలో నాకు నమ్మకం కుదరని చోట్లన్నీ నువ్వు మరీ హాయిగా ఉన్న చోట్లే.

ఈసారి వెళ్లినప్పుడు ఆ చెట్టు దగ్గరే ఆగు. మొదలు దగ్గర ఏం మొలిచిందో, ఎన్ని తొర్రలున్నాయో చూసి నాకు రాయి. బెరడు మాత్రం పీకి చూడకు, కింద ఎవరో ఒకరు కాపురం ఉంటారు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి