అమ్మలూ, అట్ట చూడకు, నిడివి చూడు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

పాత తెలుగు సినిమాల డిస్కులు, వాటి మీద వచ్చిన మంచి పుస్తకాలు ఇంట్లో పెట్టుకోవాలని ఉంది, జాబితా రాసి పంపమన్నావు. జాబితా మాత్రం పంపను. వంద పేర్లు రాసిస్తే వందా ఒకేసారి ఆర్డరు పెడతావు, సగం డిస్కులకు పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా విప్పవు. నీ సంగతి నాకు తెలియనిదా! నెలకొక సినిమా, దానికి జతగా ఒక పుస్తకం పెట్టుకో. ముందు సినిమా చూడు, తర్వాత పుస్తకం చదువు, ఆ వారంలోనే సినిమా మళ్లీ చూడు. రెండోసారి చూసినప్పుడే అసలు సినిమా కనబడుతుంది.

కొనేటప్పుడు అట్ట మీద బొమ్మకు మోసపోకు. వెనక్కి తిప్పి నిడివి చూడు. మన పాత సినిమాలు చాలా మటుకు మూడు గంటలకు అటూ ఇటూ ఉండేవి. డీవీడీలకు ముందు సినిమాలు వీసీడీలనే సీడీల మీద వచ్చేవి, ఒక్కోదానిలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. అంటే మూడు గంటల సినిమాకు మూడు సీడీలు కావాలి. రెండింటిలోనే సర్దేయాలంటే దేన్నో కొయ్యాలిగా! ముందు పాటలు పోయేవి, తర్వాత రేలంగి, రమణారెడ్డిల హాస్యం పోయేది. డీవీడీలు వచ్చాక చోటుకు కొదవ లేదు గాని, కొన్నింటిలో ఎక్కించింది ఆ కోసేసిన ప్రతినే.

మరి పూర్తి నిడివి ఎంతో ఎలా తెలుస్తుందంటావా? సినిమా మొదట్లో సెన్సారు సర్టిఫికెట్ పడుతుంది చూడు, అక్కడ బొమ్మ ఆపు. రీళ్లెన్నో, పొడవెంతో అందులో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 16,200 అడుగులని ఉంటే 90తో భాగించు, 180 నిమిషాలు. పొడవు మీటర్లలో ఉంటే 27.4తో భాగించు. ఆ లెక్కకూ డిస్కు నిడివికీ ఆరేడు నిమిషాల తేడా వచ్చిందని కంగారు పడకు. పాల్ అనే టీవీ పద్ధతిలో ఎక్కించిన డిస్కులో సెకనుకు 24 ఫ్రేములకు బదులు 25 పరిగెడతాయి కాబట్టి మూడు గంటల సినిమా 173 నిమిషాలకే అయిపోతుంది. అలాంటి డిస్కులో కోత ఏమీ లేదు, ఘంటసాల గొంతు మాత్రం వీసమెత్తు సన్నగా వినిపిస్తుంది. తేడా పావుగంట దాటిందంటే కత్తెర పడినట్టే.

దీనికంటే తేలికైన పరీక్ష పాటల పుస్తకం. హాలు బయట అమ్మేవాళ్లు, పది పన్నెండు పేజీలుంటుంది. లోపల కథ కొంచెం చెప్పి ‘మిగతాది వెండితెరపై చూడండి’ అంటాడు, ఆ తర్వాత పాటలూ పద్యాలూ వరసగా ఉంటాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని సినిమా వెయ్యి, పాట వచ్చినప్పుడల్లా పెన్సిలుతో టిక్కు పెట్టు. టిక్కు పడనివి నీ డిస్కులో లేనివి. ఈ పుస్తకాలు విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లలోనో, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీదో ఇంకా తగులుతుంటాయి. ధర అడగ్గానే ముఖంలో ఆశ చూపించకు.

మొదటి నెలకు ‘మాయాబజార్’. కె.వి.రెడ్డి గారు 1957లో తీసింది. ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, ఇదే పేరుతో అదే ఏడాది తమిళంలోనూ వచ్చింది. అట్ట మీద రామారావు కృష్ణుడు, రంగారావు ఘటోత్కచుడు, సావిత్రి శశిరేఖ ఉంటారు కాబట్టి చూడగానే తేడా తెలియదు. అభిమన్యుడుగా నాగేశ్వరరావు ఉంటే మనది, జెమినీ గణేశన్ ఉంటే తమిళం. మీ అమెరికాలో కొట్లవాళ్లు రెండూ ఒకే అరలో పెడతారట.

రెండోది రంగులు. 2010 జనవరిలో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చారు, బొమ్మను వెడల్పు తెరకు సరిపెట్టారు. పిల్లలు హాలుకు వచ్చి చూశారు, అది మంచిదే. కాని సుమారు 184 నిమిషాల సినిమా 165 దగ్గరికి వచ్చింది. కొన్ని పాటలు వదిలేశారు, ‘చూపులు కలసిన శుభవేళ’ కూడా అందులో పోయింది. శశిరేఖా అభిమన్యుల పాటే లేకపోతే ఇంక పెళ్లి ఎవరిది? అదీగాక కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ గారి వెన్నెల నలుపు తెలుపుల్లోనే వెన్నెల. ‘లాహిరి లాహిరి’లో నీళ్ల మీద మెరుపు, పడవ అంచు, సావిత్రి చెంప మీది వెలుగు, ఇవన్నీ బూడిద రంగులో ఎన్ని ఛాయలున్నాయో లెక్క తెలిసినవాడు పెట్టినవి. వాటి మీద నీలం పూస్తే నీలమే కనబడుతుంది. రంగులది నీ దగ్గర ఉంటే ఉండనీ, నలుపు తెలుపుది మాత్రం తప్పకుండా కొను.

బొమ్మ ఆకారం కూడా చూడు. ఆ కాలం సినిమా దాదాపు నలుచదరం, వెడల్పు ఎత్తుకు ఒకటింబావు రెట్లు దాటి కాస్త ఎక్కువ. నీ టీవీలో రెండు పక్కలా నల్లని పట్టీలు రావాలి. తెర నిండా వచ్చిందంటే రెండే కారణాలు, పైనా కిందా కోసి ఉంటారు, లేదా అడ్డంగా సాగదీసి ఉంటారు. కిరీటం తెగిపోయిన దుర్యోధనుడు కనిపిస్తే మొదటిది. సావిత్రి సూర్యకాంతమంత కనిపిస్తే రెండోది.

రెండో నెల ‘మల్లీశ్వరి’. బి.ఎన్.రెడ్డి గారు 1951లో తీశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకు రాసిన తొలి పాటలు ఇందులోవే, సాలూరు రాజేశ్వరరావు గారి సంగీతం. ఇందులో ఒక్క పాట తెగినా నాకు డిస్కు వద్దు. దీనికి జతగా ఇందులో నాయిక భానుమతి గారి ఆత్మకథ ‘నాలో నేను’ చదువు. సినిమా పుస్తకాల విభాగంలో జాతీయ పురస్కారం వచ్చిన పుస్తకం అది. నటి, గాయని, రచయిత్రి, స్టూడియో యజమాని, ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్టు చేసిన మనిషి. ఆ ధీమా అంతా ఆవిడ వాక్యంలో ఉంటుంది. తనను తాను తగ్గించుకుని రాసే అలవాటు ఆవిడకు లేదు. అందుకే నాకు ఇష్టం. ఆ పుస్తకం అయ్యాక ‘మిస్సమ్మ’ వేసుకో. మేరీ పాత్ర ముందు భానుమతి గారిది. ఆవిడ తప్పుకున్నాక అది సావిత్రికి వెళ్లింది, సావిత్రి వేయవలసిన చెల్లెలి పాత్ర జమునకు వచ్చింది. ఆ సంగతి తెలిసి చూస్తే ప్రతి సీనులో ఇంకో సినిమా కూడా ఊహలో ఆడుతుంటుంది.

బాపు రమణల దగ్గరికి వచ్చేసరికి నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేను, ముందే చెబుతున్నా. ముళ్లపూడి వెంకటరమణ గారి ‘కోతి కొమ్మచ్చి’, ‘ఇంకోతి కొమ్మచ్చి’, ‘ముక్కోతి కొమ్మచ్చి’ మూడూ కొను. హాసం ప్రచురణలు వాళ్లవి. చెన్నపట్నంలో ఆకలి ఎలా ఉంటుంది, సినిమాకు డబ్బు ఎలా పుడుతుంది, ఎలా ఆవిరవుతుంది, అప్పులవాళ్లతో ఎలా మాట్లాడాలి, అన్నీ నవ్విస్తూనే చెప్పారు. సినిమా తీయడం గురించి ఇంత నిజం చెప్పిన పుస్తకం తెలుగులో ఇంకోటి నాకు కనబడలేదు. సినిమాల్లోకి రాకముందు ఆయన ఆంధ్రపత్రికలో సమీక్షలు రాసేవారు. ‘సాహితీ సర్వస్వం’లో సినిమా రాతల సంపుటాలకు ‘సినీ రమణీయం’ అని పేరు. ఏమాత్రం మొహమాటం లేని సమీక్షలు. వీటికి జతగా ‘సాక్షి’ (1967), ‘ముత్యాల ముగ్గు’ (1975) చూడు. రెండోదాని ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్య గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఈ సినిమాకు మాత్రం డిస్కు నాణ్యత బాగుండాలి. పొద్దుటి ఎండ రంగు చెడిపోతే సగం సినిమా పోయినట్టే. పాత కలర్ ప్రింటులో నీలం కలిసిన ఆకుపచ్చ ముందు పోయి అంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. డిస్కు వేయగానే అరిటాకు ఏ రంగులో ఉందో చూడు, చాలు.

గుమ్మడి గారి ‘తీపి గురుతులు చేదు జ్ఞాపకాలు’ నెమ్మదైన పుస్తకం, రైలు ప్రయాణానికి బాగుంటుంది. వి.ఎ.కె. రంగారావు గారి ‘ఆలాపన’ పాటల మీద. ఆయనతో ఏకీభవించకపోయినా చెవికి పదును పెడతారు. కొడవటిగంటి కుటుంబరావు గారి సినిమా వ్యాసాలు మాత్రం మరీ ముందే చదవకు. నువ్వు ప్రేమించిన సినిమాలను ఆయన చీల్చి చెండాడతాడు. ఒక ఏడాది చూశాక చదివితే, ఆయన అన్నదాంట్లో ఎంత నిజముందో నువ్వే తేల్చుకోగలవు. ఇంగ్లీషులో అయితే రాజాధ్యక్ష, విలెమన్‌ల భారతీయ సినిమా విజ్ఞాన సర్వస్వం ఉంది. 1994లో వచ్చింది, 1999లో సవరించారు. సవరించినదే తీసుకో. ఎస్.వి.శ్రీనివాస్ గారి ‘పాలిటిక్స్ యాజ్ పెర్ఫార్మెన్స్’ తెలుగు సినిమాకు సామాజిక చరిత్ర. గట్టి పుస్తకం, తొందరపడి చదివితే అరగదు.

అభిమానులు వేసే రంగురంగుల పుస్తకాలకు డబ్బు తగలెయ్యకు. అవే ఫొటోలు, అవే నాలుగు కబుర్లు. మంచి పుస్తకంలోనైనా తేదీలు కళ్లు మూసుకుని నమ్మొద్దు. తొలి తెలుగు టాకీ, హెచ్.ఎం.రెడ్డి గారి ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు అచ్చేస్తూ వచ్చారు. రెంటాల జయదేవ గారు ఆనాటి పత్రికలు తవ్వి, అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఆ సినిమా ఇప్పుడు ఎక్కడా లేదు. చూడలేని సినిమాకు కాగితమే దిక్కు, అందుకే కాగితం సరిగ్గా ఉండాలి.

నువ్వక్కడ ఉన్నావు కాబట్టి ఒక్క మాట. పాత సినిమాలను శ్రద్ధగా డిస్కులకెక్కించే క్రైటీరియన్ కంపెనీ వాళ్ల సత్యజిత్ రాయ్ ‘అపు’ చిత్రత్రయం సెట్టు కొను. బ్లూ-రే డిస్కు ఏ దేశాల ప్లేయర్లో తిరగాలో చెప్పే రీజియన్ గుర్తు ఉంటుంది, అమెరికాది ‘A’, ఇండియాది ‘C’. ఇక్కడి ప్లేయర్లో అది తిరగకపోవచ్చు, నీకు ఆ బాధ లేదు. 1993లో లండన్ ల్యాబులో మంటలు రేగి ఆ నెగెటివులు కాలాయి. ఆ మిగిలిన ముక్కలను ఇటలీలోని బొలోన్యాలో చేత్తో బాగుచేసి, ‘పథేర్ పాంచాలీ’లో 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతం పైగా అసలు నెగెటివు నుంచే తీశారు, మిగతాది వేరే ప్రతుల నుంచి. అది చూశాక మన డిస్కులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అయినా చూడాలి. మనవాటిలోనూ ‘శంకరాభరణం’, ‘దేవదాసు’ బాగుచేసి గోవా చలనచిత్రోత్సవంలో వేశారు, 2022లో ఒకటి, 2024లో ఒకటి. అలాంటి ప్రతి దగ్గర్లో ఎక్కడైనా ఆడుతోందని తెలిస్తే డిస్కు సంగతి మరిచిపో, టికెట్టు కొనుక్కో.

ఇక కొనడం. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్లు డీవీడీ 34 రూపాయలకు అమ్మితే కూరగాయల సంచీతో పాటు సినిమా కూడా ఇంటికొచ్చేది. ఇప్పుడు ఆ కంపెనీ లేదు, ఆ కొట్లూ లేవు, మిగిలింది పాత సరుకే. డిస్కును వెలుతురుకు ఎదురుగా పట్టి అడుగుభాగం చూడు. వెండిలా తెల్లగా ఉంటే అచ్చు వేసింది. వంకాయ రంగు తిరిగితే ఎవరో ఇంట్లో కాపీ కొట్టింది, అది పదేళ్లలోనే చెడిపోవచ్చు. తుడిచేటప్పుడు మధ్యనుంచి అంచుకు తుడువు, గుండ్రంగా తిప్పకు. సన్న ప్లాస్టిక్ కవర్లలో దాచకు, ఉక్కకు అంటుకుపోతుంది. అక్కడ ఉక్క లేదంటావేమో, మీ అమ్మ పెట్టెలో ఇక్కడి నుంచి వచ్చేవి ఇక్కడి చెమ్మతోనే వస్తాయి.

జనవరిలో విజయవాడ పుస్తకాల ఎగ్జిబిషన్ పెడతారు. విశాలాంధ్ర, ఎమెస్కో స్టాళ్లు రెండూ తిరుగుతాను. రమణ గారి మూడు పుస్తకాలు, భానుమతి గారిది నేనే తీసుకుని మీ నాన్న వచ్చేటప్పుడు పంపుతాను. ‘ఆలాపన’ అచ్చులో దొరక్కపోతే హైదరాబాదు కాచిగూడలో నవోదయ పుస్తకాల కొట్లో కనుక్కుంటాను. ‘మల్లీశ్వరి’ డిస్కు మాత్రం నువ్వు ముందు కొనకు. నా దగ్గరున్నదానికి పాటల పుస్తకం పెట్టి సరిచూసి, ఏ అట్టదో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాను.

మీ పెదనాన్న