‘మాట్లాడి పంపిస్తాం’ అని తీసుకెళ్ళి రెండు రాత్రులు ఉంచుకుంటే?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. మా తమ్ముడికి 24 ఏళ్ళు. డిగ్రీ చదివి, ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఎందుకని రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాకి కుదిరాడు. అక్కడ నీళ్ళలో గాలి కలిపే రెండు ఏరియేటర్ మోటార్లు చోరీ అయ్యాయి. ఒక శుక్రవారం సాయంత్రం ఇద్దరు కానిస్టేబుళ్ళు బండి మీద వచ్చి, ‘ఎస్సై గారు రమ్మన్నారు, మాట్లాడి పంపిస్తాం’ అని వాణ్ణి తీసుకెళ్ళారు. ఆ రాత్రి పంపలేదు, మర్నాడూ పంపలేదు. ఫోను లాక్కున్నారు. నేను పూటపూటా క్యారేజీ పట్టుకెళ్తే గేటు దగ్గరే తీసుకుని నన్ను పంపించేశారు. మా అమ్మకి 62 ఏళ్ళు. ఆమెను శనివారం రాత్రి పదింటిదాకా స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. ఆదివారం సాయంత్రం తమ్ముణ్ణి మెజిస్ట్రేటు గారి ఇంటికి తీసుకెళ్ళి రిమాండ్ చేయించారు. కాగితాల్లో మాత్రం ఆ ఆదివారం మధ్యాహ్నం హైవే పక్కన పారిపోతుంటే పట్టుకున్నట్టు రాశారు. కొట్టారని, రాయని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారని వాడు చెబుతున్నాడు. బెయిల్ మీద వచ్చి నెల కావస్తోంది, వాడు ఇల్లు కదలడం లేదు. ఇలా చేయడం చట్టప్రకారం కరెక్టేనా? మేం అప్పుడు ఏం చేసి ఉండాల్సింది, ఇప్పుడేం చేయాలి? ‘కోర్టులో ఒప్పుకుంటే ఫైన్‌తో పోతుంది’ అని తెలిసినాయన ఒకరు అంటున్నారు. వాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. ఇక ఆ ఆశ వదులుకోవాల్సిందేనా?
— ఒక అక్క, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మోటార్లు ఎవరు తీశారో కోర్టు తేలుస్తుంది. కానీ మీ తమ్ముణ్ణి శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా మెజిస్ట్రేటు ముందు పెట్టకుండా ఉంచుకోవడం తప్పే. ఆ మాట చెప్పడానికి కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. నిజంగా దొంగతనం చేసినవాణ్ణయినా అలా ఉంచుకునే అధికారం పోలీసులకు లేదు.

అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతోంది. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 58వ సెక్షన్ కూడా అదే. దారి ప్రయాణానికి పట్టే సమయం ఒక్కటే ఆ 24 గంటల్లోంచి మినహాయింపు. ‘శని, ఆదివారాలు కోర్టు సెలవు కదా’ అని కొందరు సమాధానం చెబుతుంటారు. సెలవు రోజుల్లో మెజిస్ట్రేట్లు ఇంటి దగ్గరే రిమాండ్లు చూస్తారు, మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళింది కూడా అలాగే కదా.

మరి ఆ 24 గంటలు ఎప్పటినుంచి లెక్క? అసలు తగాదా ఇక్కడే వస్తుంది. కాగితం మీద ఆదివారం మధ్యాహ్నం అరెస్టు అని వేస్తే, సాయంత్రానికల్లా హాజరుపరిచినట్టు చక్కగా సరిపోతుంది. కానీ మనిషి తన ఇష్టప్రకారం లేచి ఇంటికి వెళ్ళే వీలు ఎప్పుడు పోయిందో అప్పుడే అరెస్టు అయినట్టు. బండెక్కించుకుని వెళ్ళి, ఫోను లాక్కుని, రాత్రంతా పంపకుండా ఉంచితే దానికి ‘విచారణ’ అని పేరు పెట్టినంత మాత్రాన అది అరెస్టు కాకుండా పోదు. అయితే శుక్రవారమే తీసుకెళ్ళారని చూపించాల్సిన భారం మన మీద పడుతుంది. మీ దగ్గర సాక్ష్యం ఏమీ లేదనుకుంటున్నారేమో, మీరు రాసిన ఉత్తరంలోనే ఉంది.

మీరు పూటపూటా క్యారేజీ పట్టుకెళ్ళారు. ఆదివారం మధ్యాహ్నం హైవే మీద దొరికిన మనిషికి శనివారం పొద్దున స్టేషన్ గేటు దగ్గర అన్నం ఎవరికోసం ఇచ్చినట్టు? పోలీస్ స్టేషన్లలో లోపలికి వచ్చే దారి, వరండా, లాకప్ అన్నీ కనపడేలా సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డు 18 నెలలు, అంత సదుపాయం లేకపోతే కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. మీ వకీలు చేత వెంటనే ఆ మూడు రోజుల ఫుటేజీ భద్రపరచమని మెజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయించండి. ఆలస్యం చేస్తే ‘హార్డ్ డిస్క్ పాడైంది’ అనే జవాబు వస్తుంది. ఆ రెండు రోజుల్లో స్టేషన్‌లో ఎవరికైనా మీరు ఫోన్లు చేసి ఉంటే ఆ కాల్ లిస్టు దాచండి. మీ తమ్ముడి ఫోను శుక్రవారం రాత్రి ఏ టవర్ కింద ఉందో తెలిపే రికార్డు కోసం కూడా అడగొచ్చు. బండి మీద తీసుకెళ్ళడం చూసిన గుంటల దగ్గర పనివాళ్ళ పేర్లు ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇంకో ఆరు నెలలకు వాళ్ళకి ఆ రోజు శుక్రవారమో శనివారమో గుర్తుండదు.

అసలు అరెస్టు అవసరమా అన్నది ఇంకో ప్రశ్న. యజమాని సొత్తును పనివాడు దొంగిలించాడంటే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ పెడతారు. గరిష్ఠ శిక్ష 7 ఏళ్ళు. 7 ఏళ్ళ లోపు, లేదా 7 ఏళ్ళ దాకా శిక్ష పడే కేసుల్లో అరెస్టును అలవాటుగా చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ముందు హాజరవమని నోటీసు ఇవ్వాలి. మన ప్రాంతంలో ఇప్పటికీ అందరూ ‘41ఏ నోటీసు’ అనే అంటారు, కొత్త చట్టంలో అది 35(3). అరెస్టు తప్పదనుకుంటే ఎందుకు తప్పదో రాసి పెట్టాలి, మెజిస్ట్రేటు ఆ కారణాలు చదివి సరిపోతాయనుకుంటేనే రిమాండ్ చేయాలి. ‘పారిపోతుంటే పట్టుకున్నాం’ అనే మాట రిమాండ్ రిపోర్టులోకి ఎందుకు వచ్చిందో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. నోటీసు లేకుండా అరెస్టు చేయడానికి కారణం కావాలి, ఆ కారణం అది. శుక్రవారం నుంచే మీ వాడు స్టేషన్‌లో ఉన్నాడని తేలితే ఆ కారణం నిలబడదు. అందుకే ఆ క్యారేజీ సంగతి అంతసేపు చెప్పాను.

అప్పుడు ఏం చేసి ఉండాల్సింది అని అడిగారు. మా సీనియర్ల కాలంలో మనిషిని స్టేషన్‌కి తీసుకెళ్ళారని తెలియగానే ఇంటివాళ్ళ చేత ఎస్పీకి, మెజిస్ట్రేటుకి టెలిగ్రామ్ కొట్టించేవారు. దాని మీద పోస్టాఫీసు వేసిన తేదీ, టైమ్ ఉండేవి, తర్వాత ఎవరూ మార్చలేనివి. 2013 జులైలో టెలిగ్రామ్ ఆగిపోయింది గానీ ఆ అవసరం ఆగలేదు. ఇప్పుడు ఎస్పీ ఆఫీసుకి ఈమెయిల్, డీఎస్పీకి వాట్సాప్ మెసేజ్, 112కి ఫోన్, కుదిరితే స్పీడ్ పోస్టు. నాలుగు లైన్లు చాలు: ఫలానా మనిషిని ఫలానా రోజు ఇన్ని గంటలకు ఫలానా చోటు నుంచి ఫలానా స్టేషన్ వాళ్ళు తీసుకెళ్ళారు, కారణం చెప్పలేదు, ఇంకా పంపలేదు. తిట్లు, ఆరోపణలు వద్దు. గంటలో ఒక మెసేజ్ వెళ్ళిందంటే, అరెస్టును రెండు రోజులు ఆలస్యంగా జరిగినట్టు చూపించడం ఎవరికీ అంత తేలిక కాదు. ఇది చదువుతున్న మిగతావాళ్ళు కూడా దయచేసి గుర్తుపెట్టుకోండి. ఎస్సైకి కోపం వస్తుందేమో, ఇంకా కొడతారేమో అన్న భయంతో ఇంటివాళ్ళు ఊళ్ళో పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ ఆ విలువైన మొదటి రాత్రి పోగొట్టుకుంటారు. ఆ భయం నాకు తెలుసు, అది ఉత్త భయం కూడా కాదు. అయినా పైఅధికారికి తెలిసిందని తెలిసినప్పుడు చెయ్యి కొంత వెనక్కి తగ్గుతుందనే నా అనుభవం.

24 గంటలు దాటినా పంపకపోతే దగ్గర్లోని మెజిస్ట్రేటు కోర్టులో నాగరిక సురక్షా సంహిత (ఇక్కడి నుంచి వేరే చట్టం పేరు చెప్పని సెక్షన్లన్నీ అందులోవే) 100వ సెక్షన్ కింద పిటిషన్ వేయొచ్చు, అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికి తెమ్మని కోర్టు వారంటు ఇవ్వగలదు. అమరావతిలో హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్, వేసే దారి ఎలాగూ ఉంది. అరెస్టు చేసినప్పుడు తేదీ, టైమ్ వేసిన అరెస్టు మెమో రాసి, ఇంటివాళ్ళ చేత గానీ ఊళ్ళో పేరున్నవాళ్ళ చేత గానీ సాక్షి సంతకం పెట్టించాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన ఈ నియమం ఇప్పుడు చట్టంలోనే 36వ సెక్షన్. బంధువుకు కబురు చేయడం 48వ సెక్షన్. ఎందుకు అరెస్టు చేస్తున్నారో ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, ఆలస్యమైనా రిమాండ్‌కు కనీసం రెండు గంటల ముందన్నా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ వర్తించేలా చెప్పింది. మీ తమ్ముడికి అలాంటి కాగితం తెలుగులో ఇచ్చారా? లేకపోతే ఆ సంగతి మీ వకీలుకు తప్పకుండా చెప్పండి.

మీ అమ్మగారిని రాత్రి పదింటిదాకా స్టేషన్‌లో కూర్చోబెట్టడం మరీ అన్యాయం. ఏ వయసు ఆడమనిషినైనా, 60 దాటిన వాళ్ళెవరినైనా సాక్షిగా ప్రశ్నలడగాలంటే వాళ్ళ ఇంటికే వచ్చి అడగాలని 179వ సెక్షన్. ఎస్పీకి ఇచ్చే ఫిర్యాదులో దీన్ని వేరే పేరాగా రాయండి.

కొట్టిన సంగతికి వద్దాం. రిమాండ్‌కు తెచ్చినప్పుడు ‘పోలీసులు ఏమన్నా కొట్టారా?’ అని మెజిస్ట్రేటు అడగాలని 1983లో షీలా బర్సే కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రశ్న సాధారణంగా అడుగుతారు. ఇబ్బంది ఏమిటంటే, తీసుకొచ్చిన కానిస్టేబుల్ పక్కనే నిలబడి ఉంటాడు, మళ్ళీ అతని బండిలోనే వెళ్ళాలి. ‘లేదు సార్’ అనేస్తారు. మీ తమ్ముడూ అలాగే అని ఉంటే తప్పు పట్టకండి. ఆ రోజు రిమాండ్ ఆర్డర్‌లో ఏం రాశారో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. రిమాండ్‌కు ముందు ప్రభుత్వ డాక్టరు పరీక్ష చేసి ఉంటారు, ఒంటి మీద దెబ్బలుంటే అందులో రాయాలి, దాని కాపీ అరెస్టయిన మనిషికి గానీ అతను చెప్పిన వాళ్ళకి గానీ ఇవ్వాలని 53వ సెక్షన్. జైలుకు వెళ్ళగానే అక్కడ మళ్ళీ పరీక్ష చేసి రికార్డు రాస్తారు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో దెబ్బలు లేవని, ఇంకోదాంట్లో ఉన్నాయని కనిపించిన కేసులు ఉంటాయి.

రాయని కాగితాల మీద పెట్టిన సంతకాల గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నట్టు ఏం రాసుకున్నా కోర్టులో అది సాక్ష్యం కాదు, భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్. ఒక్క మెలిక మాత్రం ఉంది. ‘నేను చెబుతాను, మోటార్లు అక్కడ దాచాను’ అని అతను చూపిస్తే దొరికాయని రాస్తే, ఆ దొరికిన మేరకు మాట చెల్లుతుంది. కాబట్టి మధ్యవర్తుల నామా, అంటే సాక్షుల ఎదుట సొత్తు దొరికిందని పోలీసులు రాసే కాగితం, జాగ్రత్తగా చదవాలి: మోటార్లు ఎక్కడ దొరికినట్టు రాశారు, అది అందరూ తిరిగే చోటా, మధ్యవర్తులు ఎవరు, వాళ్ళు నిజంగా అక్కడికి వెళ్ళారా లేక స్టేషన్‌లోనే సంతకం పెట్టారా. ఈ కేసు గెలుపోటములు ఎక్కువగా ఆ రెండు పేజీల మీదే ఆధారపడతాయి. ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారన్న విషయం ఇప్పుడే, మీ వకీలు ద్వారా, కోర్టుకు రాతపూర్వకంగా తెలపండి. విచారణ మొదలయ్యాక సాక్షిని ప్రశ్నించేటప్పుడు మొదటిసారి అంటే, అప్పటికప్పుడు అల్లిన మాటలా ఉంటుంది.

ఆ ఫైన్ సలహా ఇచ్చినాయన మాట దయచేసి వినొద్దు. ఈ ఒక్క విషయంలో నేను మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఒప్పుకుంటే అది శిక్షే, అంటే దొంగతనం రుజువైన మనిషి అని జీవితాంతం రికార్డులో ఉంటుంది. అరెస్టయినంత మాత్రాన ఎవరూ దోషి కాదు. చేయని తప్పు ఒప్పుకుని ఆ ముద్ర తెచ్చుకోకండి. చార్జిషీటు కాపీలు ఇచ్చిన రోజు నుంచి 60 రోజుల్లోగా, సరైన ఆధారం లేదు, విచారణకు ముందే కేసులోంచి తప్పించండి అని డిశ్చార్జ్ పిటిషన్ వేయొచ్చు. కొత్త చట్టంలో గడువు పెట్టారు కాబట్టి ఆ తేదీ దాటనివ్వకండి. హైకోర్టులో కేసు కొట్టేయమని అడగడం మరో దారి, అది కాగితాలు చూశాకే చెప్పగలం.

ఉద్యోగం విషయం దాచకుండా చెబుతాను. పోలీసు ఉద్యోగానికి పెండింగ్ కేసు పెద్ద అడ్డంకే. ‘అనుమానం కింద వదిలేశాం’ అన్న తీర్పు వచ్చినా పోలీసు శాఖ మళ్ళీ ఆలోచించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. అందుకే డిశ్చార్జ్ గానీ, కేసు అబద్ధమని స్పష్టంగా చెప్పే తీర్పు గానీ మీకు అంత ముఖ్యం. కానీ ఆశ వదలక్కర్లేదు, పరీక్షలు రాయనివ్వండి. ధ్రువీకరణ ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసులున్నాయా’ అని అడుగుతారు, అక్కడ ‘లేదు’ అని రాయకూడదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది: నిజం రాసినవాళ్ళ విషయంలో కేసు స్వభావం చూసి నిర్ణయం తీసుకోవచ్చు, దాచినవాళ్ళని మాత్రం ఆ దాచిన కారణంతోనే తీసేయొచ్చు.

ఫిర్యాదులు మూడు చోట్ల పెట్టండి. ఎస్పీ గారికి సోమవారం గ్రీవెన్స్‌లో ఒకటి ఇచ్చి రశీదు తీసుకోండి. రెండోది రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు పోస్టులో, సంఘటన జరిగిన ఏడాదిలోగా చేరాలి. మూడోది, సీసీటీవీ పిటిషన్‌తో పాటే, కేసు నడుస్తున్న మెజిస్ట్రేటు కోర్టులో. బెయిల్ షరతుగా స్టేషన్‌లో సంతకం పెట్టే రోజులుంటే ఒక్కటీ తప్పకుండా, మీ తమ్ముడి వెంట ఎవరైనా వెళ్ళండి.

ఫీజు భారమైతే నెల్లూరు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేదు, కాబట్టి మీ అమ్మగారి ఫిర్యాదుకు వకీలును ఉచితంగా ఇస్తారు. మీ తమ్ముడు ఇప్పుడు కస్టడీలో లేడు గనక అతని ఆదాయం చూస్తారు, రాత్రి కాపలా జీతం మీద బతికేవాడికి అది అడ్డు కాదు. వెళ్ళేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ, రిమాండ్ రిపోర్టు, బెయిల్ ఆర్డర్, మీరు రాసి పెట్టుకున్న సాక్షుల పేర్లు, మీ ఫోను పట్టుకెళ్ళండి. ఆ మూడు రోజుల కాల్ లిస్టు మాత్రం డిలీట్ చేయకండి.