33 ఏళ్లకు జీఎన్ఎంలో చేరితే తక్కువగా చూస్తారా?

చెల్లీ, నీకు 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, కర్నూలులో జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, అంటే నర్సింగ్ డిప్లొమా) చేరితే వయసు చూసి చిన్నచూపు చూస్తారేమోనని టెన్షన్ పడుతున్నానని రాశావు. ముందు రూలు సంగతి: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం జీఎన్ఎంకు 17 నుంచి 35 ఏళ్ల దాకా చేరవచ్చు. "వయసైపోయింది" అని ఎవరన్నా నమ్మకు, కానీ ఈ ఏడాదే అప్లై చెయ్యి.

నేను కూడా పెళ్లయి, బిడ్డ పుట్టాకే ఇక్కడ చేరాను. క్లాసు పిల్లలు తొందరగానే కలిసిపోయారు. కష్టమంతా వార్డులోనే. పోస్టింగులో, అంటే ఆసుపత్రిలో ట్రైనింగ్ డ్యూటీలో, ముసలి పేషెంట్లను ఎప్పుడూ నాకే వేసేవాళ్లు. "నీకైతే ఓపిక ఉంటుందమ్మా" అనేవారు మా ట్యూటర్. లేబర్ రూమ్‌లో కేసు వస్తే మాత్రం చిన్నవాళ్లను ముందుకు పిలిచేవారు. వినడానికి మెచ్చుకోలే. నేను మాత్రం దీన్ని వివక్ష అనే అంటాను. నాకు డెలివరీ కేసులు తగ్గాయి, ఆ పిల్లలకు పెద్దవాళ్లను చూసుకోవడం రాకుండా పోయింది.

ఒకరోజు పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ పొద్దున్నుంచి దుప్పటి లాగుతూ, పొంతన లేకుండా మాట్లాడుతోంది. "వయసు కదక్కా, అట్లనే ఉంటుంది" అంది మా బ్యాచ్ అమ్మాయి. జ్వరం లేదు. కూతురేమో, "నిన్న రాత్రి దాకా వడ్డీ లెక్కలు చెప్పింది మా అమ్మ" అని ఏడుస్తోంది. వెంటనే స్టాఫ్ నర్సుకు చెప్పాం. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ తేలింది. పెద్దవయసులో జ్వరం లేకుండానే ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడితే, అది ఇన్ఫెక్షన్‌కు మొదటి గుర్తు కావచ్చు. ముసలితనం అని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పెద్దవాళ్ల కేసులన్నీ ఒక్కరికే వేస్తే మిగతావాళ్లు ఇది ఎప్పుడు నేర్చుకుంటారు?

ఆ సాయంత్రమే ట్యూటర్‌ను కలిసి, కేసులు అందరికీ మార్చి మార్చి వెయ్యమని అడిగాను. మొదట నచ్చలేదు. తర్వాతి పోస్టింగు నుంచి మార్చారు.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు సెకండ్ ఇయర్ పిల్లలతో మాట్లాడు. కేసులు ఎలా పంచుతారో వాళ్లే చెబుతారు. హాస్టల్ తప్పనిసరా అని ఆఫీసులో కనుక్కో. చేరాక ప్రొసీజర్ బుక్‌లో (చేసిన కేసులు రాసి సంతకం చేయించుకునే పుస్తకం) నీకు ఏయే కేసుల సంతకాలు పడలేదో నెలనెలా చూసుకుని, తగ్గినవి అప్పటికప్పుడే అడుగు. ఫైనల్ ఇయర్ దాకా ఆగొద్దు.