చీలమండ ఆపరేషన్‌కు చిట్టీ పాడుకోవాలా?

ప్రశ్న: విజయవాడలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. వయసు 41. ఖర్చులు పోను నెలకు రూ.45,000 మిగులుతుంది. అందులో ఇంటికి రూ.25,000, చిట్టీకి రూ.10,000 పోతాయి. పది నెలల క్రితం బండి జారి కుడి చీలమండ దెబ్బతింది. ఫిజియోథెరపీ చేయించినా నడుస్తుంటే పాదం తరచూ మడత పడుతోంది. లిగమెంటు తెగిందని, ఆపరేషన్ చేస్తే మంచిదని, అయితే తొందరేమీ లేదని డాక్టరు గారు చెప్పారు. ఆస్పత్రి అంచనా కాగితం జతచేశాను. రెండేళ్ల క్రితం తీసుకున్న రూ.3 లక్షల ఆరోగ్య సంజీవని పాలసీ, నాలుగు నెలల్లో గడువు తీరే రూ.2.5 లక్షల ఎఫ్‌డీ, ఇరవై నెలల రూ.2 లక్షల చిట్టీ ఉన్నాయి. చిట్టీకి ఇది ఏడో నెల. ఎఫ్‌డీ తీసేయాలా, చిట్టీ పాడుకోవాలా?

జవాబు: ఆ రెండూ అవసరం లేదని లెక్క చూశాక నా అభిప్రాయం. తొందర లేదన్న డాక్టరు గారి మాట మీకు ఎంతో విలువైనది, ఎందుకంటే ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్‌లో గది మొదలుకొని దుకాణం ఏర్పాట్ల వరకు చాలా విషయాలు మన చేతిలో ఉంటాయి.

మొదట గది సంగతి చూద్దాం. మీరు పంపిన కాగితంలో మూడు రోజుల సింగిల్ రూముకు రోజుకు రూ.8,000 చొప్పున రూ.24,000, సర్జను, మత్తు డాక్టరు, థియేటరు ఖర్చులు రూ.80,000, లిగమెంటును ఎముకకు బిగించే యాంకర్లు, మందులు రూ.40,000, పరీక్షలు రూ.16,000, మొత్తం రూ.1,60,000 ఉన్నాయి. ఆరోగ్య సంజీవనిలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం వరకు, అదీ రోజుకు రూ.5,000 మించకుండా మాత్రమే ఇస్తారు. పరిమితి దాటిన గదిలో చేరితే అద్దెలో తేడా ఒక్కటే మనం కట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గది స్థాయిని బట్టి మారే సర్జను, థియేటరు ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో, అంటే మీ విషయంలో రూ.8,000 అద్దెకు పాలసీ ఇచ్చేది రూ.5,000 కాబట్టి ఎనిమిదింట ఐదు వంతులకు కోసేస్తారు. ఇంప్లాంట్లకు, మందులకు, పరీక్షలకు ఈ కోత లేదు. ఆ ప్రకారం అద్దెలో రూ.9,000, సర్జను, థియేటరు ఖర్చుల్లో రూ.30,000, మిగిలినదానిపై పాలసీదారు భరించాల్సిన 5 శాతం కింద రూ.6,050, వెరసి రూ.45,050 మీ జేబులోంచి పోతుంది. రోజుకు రూ.5,000 గది తీసుకుంటే, మిగతా ఖర్చులు అలాగే ఉన్నా, మీపై పడేది రూ.7,550. మూడు రాత్రుల సింగిల్ రూముకు రూ.37,500 అదనంగా ఇవ్వడం నాకైతే సబబుగా అనిపించడం లేదు.

క్రేప్ బ్యాండేజీ, చేతికర్రలు, బెల్టుల వంటివి సాధారణంగా పాలసీలోకి రావు కాబట్టి వాటికి కొన్ని వేలు పక్కన పెట్టుకోండి. చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికి వచ్చాక 60 రోజుల వైద్య ఖర్చులు పాలసీ పరిధిలోకి వస్తాయి. అందువల్ల ఎమ్మారై వంటి పరీక్షలు ఇంకా చేయించాల్సి ఉంటే చేరే తేదీకి నెలలోపు పడేలా చూసుకోండి. దెబ్బ తగిలిన రోజు రాయించుకున్న ఓపీ చీటీ, తీయించిన ఎక్స్‌రే భద్రంగా ఉంచండి. ఇది పాలసీ తీసుకున్న తరువాత ప్రమాదంలో తగిలిన దెబ్బ అని చెప్పే ఆధారాలు అవే.

ఇక మీ ప్రశ్నలో కనిపించని పెద్ద ఖర్చు ఒకటి ఉంది. ఈ ఆపరేషన్ తరువాత సాధారణంగా సుమారు రెండు వారాలు పాదం నేలకు మోపనివ్వరు, ఆపై కొన్ని వారాలు బూటుతోనే నడిపిస్తారు, పొద్దుట నుంచి రాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడే పనికి మూడు నెలలు పట్టవచ్చని అనుకోవడం మంచిది. ఆ మూడు నెలలు దుకాణం మూసేస్తే ఆదాయం పోవడమే కాదు, అద్దె మీద పడుతుంది, అలవాటైన గిరాకీ పక్క వీధికి పోతుంది. నెలకు రూ.25,000 ఇచ్చి వంటమనిషిని పెట్టి, మీరు గల్లా దగ్గర కాలు ఎత్తు మీద పెట్టుకుని కూర్చోగలిగిన రోజు నుంచి లెక్కలు చూసుకుంటే, నెలకు రూ.20,000 మిగులుతుంది. ఇంటికి, చిట్టీకి కలిపి రూ.35,000 కావాలి కాబట్టి నెలకు రూ.15,000, మూడు నెలలకు రూ.45,000 తక్కువ పడుతుంది. ఆస్పత్రిలో మీ వాటా, పాలసీలోకి రానివి, ఫిజియోథెరపీ, ఆటో ఖర్చులు కలిపినా లక్ష రూపాయలు సరిపోతాయి.

ఈ లక్ష కోసం ఇప్పుడు చిట్టీ పాడితే, ఉదాహరణకు రూ.50,000 తగ్గింపుకు పాట ఖాయమైతే, చేతికి రూ.1,50,000 వస్తుంది. పోయిన దానిలో డివిడెండుగా మీకు తిరిగి వచ్చేది స్వల్పం, పైగా జామీనుదారులను వెతుక్కోవాలి. ఎఫ్‌డీని మధ్యలో తీస్తే వడ్డీలో కోత పడుతుంది. అదే ఎఫ్‌డీని బ్యాంకులో హామీగా పెట్టి లక్ష అప్పు తీసుకుంటే, బ్యాంకును బట్టి ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ వడ్డీ వేస్తారు. రెండు శాతమే అనుకున్నా నాలుగు నెలలకు ఆ తేడా దాదాపు రూ.670. గడువు తీరిన రోజున అప్పు పోను మిగిలింది మీ ఖాతాలో పడుతుంది.

తేదీ విషయంలో ఒక మాట. మీ దగ్గర మాంసాహార కూరలే ఎక్కువగా అమ్ముడవుతుంటే, కార్తీక మాసంలో ఎలాగూ గిరాకీ తగ్గుతుంది. డాక్టరు గారు సరేనంటే దీపావళి వెళ్లిన వారంలో చేరండి, వంటమనిషిని మాత్రం దసరాకే పనిలో పెట్టి మీ చేతి రుచి నేర్పండి.