ఫెర్మెంటేషన్‌లో కెరీర్: కణమా, ట్యాంకా?

ప్రశ్న: డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నాను. కిణ్వనం (ఫెర్మెంటేషన్) పాఠం బాగా నచ్చింది. ఆక్సిజన్ లేకుండా జరిగేదే కిణ్వనమని పుస్తకంలో ఉంది. పరిశ్రమలో మాత్రం ట్యాంకులోకి గాలి పంపుతారని సీనియర్లు అంటున్నారు. ఏది నిజం? ఈ దారిలో ఎలాంటి ఉద్యోగాలుంటాయి?

జవాబు: రెండూ నిజమే. గ్లూకోజ్ విరిగేటప్పుడు ఎన్‌ఏడీ అనే అణువు హైడ్రోజన్‌ను మోస్తుంది. ఆక్సిజన్ ఉంటే ఆ బరువు దించుకునే దారి వేరే ఉంది. లేకపోతే ఈస్ట్ ఆల్కహాల్ తయారుచేసి, కండరం లాక్టిక్ ఆమ్లం తయారుచేసి ఆ బరువు దించుకుంటాయి. గిట్టుబాటు తక్కువే. ఒక్కో గ్లూకోజ్‌కి దక్కేది 2 ఏటీపీలు (కణం శక్తి కోసం వాడుకునే అణువులు), ఆక్సిజన్‌తో అయితే దాదాపు 30. అయినా పని ఆగిపోవడం కంటే నయమే కదా!

పరిశ్రమలో కిణ్వనం అనే మాటకు అర్థం పెరిగింది. సూక్ష్మజీవుల్ని ట్యాంకులో పెంచి పనికొచ్చే పదార్థం తీస్తే చాలు, దాన్ని ఫెర్మెంటేషన్ అనే అంటారు. పెన్సిలిన్ ఇచ్చే బూజుకి గాలి అందకపోతే పని జరగదు. 1982లో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్‌ని కూడా ఇలాగే ఈ.కోలై బ్యాక్టీరియా చేత చేయించారు.

ఇక ఉద్యోగాలు. జన్యువులు, ఎంజైములు ఇష్టమైతే మంచి స్ట్రెయిన్‌ని, అంటే సూక్ష్మజీవి రకాన్ని, తయారుచేసే పరిశోధన వైపు వెళ్లండి. దానికి పీజీ, వీలైతే పీహెచ్‌డీ కావాలి. ట్యాంకు దగ్గర పని పూర్తిగా వేరు. ఫ్లాస్కులో చక్కగా పెరిగిన జీవి వేల లీటర్లలో మొండికేస్తుంది: వేడి బయటికి పోదు, ఆక్సిజన్ అన్ని మూలలకీ చేరదు, నురగ పైకి పొంగుతుంది. ఒక్క బయటి బ్యాక్టీరియా చొరబడితే బ్యాచ్ మొత్తం పారబోయాల్సి రావచ్చు. కణాలకు రాత్రీ పగలూ తేడా లేదు కాబట్టి నైట్ షిఫ్టులు తప్పవు. ఈ సంగతి ముందే తెలుసుకుని దిగడం మంచిది. ట్యాంకులోంచి వచ్చిన ద్రవాన్ని వడకట్టి, శుద్ధి చేసే డౌన్‌స్ట్రీమ్ విభాగాన్ని విద్యార్థులు పట్టించుకోరు. నన్నడిగితే అది చూడదగ్గ దారి. కెమిస్ట్రీ గట్టిగా ఉంటే ఇంకా మేలు.

మైక్రోబయాలజీతో పాటు లెక్కలు వదలకండి. చివరి ఏడాది ప్రాజెక్టుకి చిన్న ఫెర్మెంటర్ (సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకు) దొరికే ల్యాబ్‌ని వెతకండి. అందులో కరిగిన ఆక్సిజన్ గ్రాఫ్‌ని రోజూ గమనించండి. కణాలు పెరిగే కొద్దీ గీత కిందికి జారుతుంది. ఉన్నట్టుండి పైకి లేచిందంటే చాలాసార్లు చక్కెర అయిపోయిందని అర్థం. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫ్ చూపించి ఎందుకు లేచిందని అడిగితే, సమాధానం మీ దగ్గర ఉంటుంది.