చేప తింటే ఉపవాసం చెల్లుతుందా?

ప్రశ్న: మా పుట్టింటివారు కేథలిక్కులు, అత్తింటివారు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). పుట్టింట్లో తపస్సు కాలపు (ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల) శుక్రవారాల్లో మాంసం మానేస్తాం గానీ చేప, గుడ్డు తింటాం. ఇక్కడ శ్రమల దినాలనే ఆ నలభై రోజులూ ఇంట్లోకి నీసే రానివ్వరు. "చేప తింటూ అదేం ఉపవాసం?" అంటారు మా అత్తయ్యగారు. ఎవరిది సరైన పద్ధతి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ పుట్టింటివారిది కేథలిక్ సభ (చర్చి) చట్టం, అత్తింటివారిది ఆనవాయితీ. రెండూ సరైనవే.

కేథలిక్కులకు వేర్వేరుగా రెండు నియమాలున్నాయి. వాటిని కలిపేయడం వల్లే ఈ గొడవంతా. మొదటిది మాంసం మానడం. 14 ఏళ్లు నిండినవారు విభూది బుధవారంనాడు (తపస్సు కాలం మొదటి రోజు), శుక్రవారాల్లో పాటించాలి, పై వయసుకు హద్దు లేదు. (తపస్సు కాలం కాని శుక్రవారాలకు బదులు మరో తపస్సును ఆయా దేశాల బిషప్పుల సమాఖ్య నిర్ణయించవచ్చు.) రెండోది ఉపవాసం. అది ఏడాదిలో రెండే రోజులు: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా వర్తిస్తుంది. ఆ రోజు ఒక్క పూట కడుపునిండా తినొచ్చు. మిగతా రెండు పూటలూ తినేది కలిపినా ఒక భోజనమంత కాకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. మధ్యాహ్నం పప్పన్నం తింటే పొద్దున ఒక ఇడ్లీ, రాత్రి ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ సరిపోతాయి.

ఇక చేప సంగతి. 1966లో ఆరవ పౌలు పోపుగారు ఇచ్చిన శాసనం మాంసాన్ని మాత్రమే వద్దంది. గుడ్లు, పాలు, నెయ్యికి అడ్డు చెప్పలేదు. కోడి మాంసం కిందికే వస్తుంది. చేప, రొయ్య, పీత రావు. కాబట్టి రొయ్యల ఇగురు వండుకున్నా నియమం తప్పినట్టు కాదు. కోడికన్నా ఖరీదైన రొయ్యలు తింటూ త్యాగమంటారేమిటని మీ అత్తయ్యగారు అడిగితే మాత్రం చట్టం చూపించి తప్పించుకోలేరు.

నిజానికి ఆవిడ పద్ధతే పాత సంప్రదాయానికి దగ్గర. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో యాభై రోజుల నోన్బు (ఉపవాస దీక్ష) పట్టి మాంసం, చేప, గుడ్లు, పాలు అన్నీ మానేసేవారున్నారు. ఇథియోపియా ఆర్థడాక్స్ సభలోనూ ఉపవాస దినాల్లో పాలు, గుడ్లు కూడా ముట్టరు. ఒక్క లెక్క చూసుకోండి: విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు వరకు 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం ఉపవాస దినం కాదు.

ప్రశ్న: ఆదికాండము 1:29 చూపించి, క్రైస్తవులంతా శాకాహారులు కావాలంటున్నాడు మా అబ్బాయి. నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: విత్తనాలిచ్చే మొక్కలు, పండ్లు మీకు ఆహారమని దేవుడు చెప్పిన ఆ వచనం ఉన్నమాట నిజమే. జలప్రళయం తర్వాత 9:3లో మాంసానికి అనుమతి ఉన్నదీ నిజమే. పునరుత్థానం తర్వాత యేసు కాల్చిన చేప తిన్నట్టు లూకా 24లో ఉంది. సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖలో చాలామంది శాకాహారులే. మాంసం తినేవారు కూడా లేవీయకాండము 11 ప్రకారం పంది, రొయ్య ముట్టరు. మీవాడు మానేస్తే మానేయనివ్వండి. తినేవాణ్ణి తిననివాడు, తిననివాణ్ణి తినేవాడు తీర్పు తీర్చకూడదన్న రోమా 14ను మాత్రం ఇద్దరూ కలిసి చదవండి.

ప్రశ్న: అమ్మకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతుంది. మూడు రోజుల ఉపవాస ప్రార్థనల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా తాగనంటోంది.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: నీళ్లు మాననివ్వకండి. ఎండలు ముదిరే రోజుల్లో ముందు దెబ్బతినేవి మూత్రపిండాలే. ఈ రెండు మాత్రల్లో అసలు ప్రమాదం గ్లిమెపిరైడ్‌తో. తిండి లేకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది, దాంతో షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ. మోతాదు, వేళలు డాక్టరుగారే మార్చాలి. ప్రార్థనలకు వారం ముందే చూపించండి.

చేతులు వణకడం, చెమటలు, మాట తడబడటం కనిపిస్తే గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూసి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 300 దాటినా ఉపవాసం ఆపాల్సిందే.

ఆవిడ ఒప్పుకోకపోతే దానియేలు 10వ అధ్యాయం చదివి వినిపించండి. మూడు వారాలపాటు ఆయన మానింది రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం. నీళ్లు మానాడని అక్కడ లేదు. వేళకు సాదా భోజనం చేస్తూ తీపి, నీసు మానేస్తే అమ్మకూ ఆ ఉపవాసం కుదురుతుంది. రెండో పూట తలనొప్పి అంటే చాలాసార్లు అది కాఫీ మానడం వల్ల వచ్చేదే. నాలుగు రోజుల ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ రమ్మనండి. ఉపవాసం విడిచేటప్పుడు పులిహోర, బజ్జీలతో మొదలుపెట్టకూడదు. ముందు పల్చని మజ్జిగ, అరగంట ఆగి రెండు ఇడ్లీలు పెట్టండి.