మీ నాన్న పాలసీ ఫారం నింపేముందు

చిరంజీవి నానీకి,

అత్తయ్య ఆశీస్సులు. మొన్న గృహప్రవేశంలో భోజనాల దగ్గర నువ్వూ మీ బాబాయీ పడ్డ గొడవకి, పెరుగు వడ్డించే అబ్బాయి మీ విస్తళ్ల ముందు రెండుసార్లు ఆగి, ఎవరూ తల ఎత్తకపోయేసరికి వెళ్లిపోయాడు. నువ్వేమో "నెలనెలా ఇంత ట్యాక్స్ కడుతున్నా. తాగి ఒళ్లు పాడుచేసుకున్నవాడి ఆపరేషన్‌కి నా డబ్బెందుకు? ఎవడి ఆరోగ్యం వాడి పూచీ" అన్నావు. వాడేమో "ఇన్సూరెన్సంతా మోసంరా, ఆరోగ్యశ్రీ కార్డుంది, పాతిక లక్షల దాకా గవర్నమెంటే చూసుకుంటుంది" అన్నాడు. మర్నాడు నువ్వే ఫోన్ చేసి "అత్తా, నాన్నకి పాలసీ తీసుకుంటున్నా, ఏజెంట్ ఫారం నింపి పంపాడు, ఒకసారి చూడు" అన్నావు. చూశాను. ఫోన్లో చెబితే నీకు సగం గుర్తుండదు, అందుకే కూర్చుని రాస్తున్నా. ముప్పై నాలుగేళ్లు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేశాను కాబట్టి చెప్పే అర్హత కొంచెం ఉందనే అనుకుంటున్నా.

ముందు ఫారం సంగతి. మీ నాన్న ఏడేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. ఆ ఫారంలో బీపీ ఎదురుగా "లేదు" అని ఉంది. నువ్వు పెట్టావా, ఏజెంట్ పెట్టాడా?

నాతో పనిచేసిన ఒకావిడ రిటైరయ్యాక భర్తకి ఇలాగే పాలసీ తీసుకుంది. "బీపీ అందరికీ ఉండేదే మేడం, రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అన్నాడట ఏజెంట్. రెండేళ్లకి ఆయనకి పక్షవాతం వచ్చింది. అడ్మిషన్ టైంలో డ్యూటీ డాక్టర్ "బీపీ ఎన్నాళ్లుగా?" అని అడిగితే ఆవిడ ఉన్నదున్నట్టు "పదేళ్లుగా" అంది. అనక తప్పదు, అక్కడ అబద్ధం చెబితే మనిషి ప్రాణం మీదికొస్తుంది. ఆ మాట కేస్ షీట్ మీదికెక్కింది. కేస్ షీట్ కాపీ కంపెనీకెళ్లింది. ఫారంలో లేదన్నారు, ఇక్కడ పదేళ్లంటున్నారు, క్లెయిమ్ ఇవ్వం అన్నారు. రెండు నిమిషాల టిక్కు మార్కుకి ఆవిడ పీఎఫ్ డబ్బంతా పోయింది. ఏజెంట్ ఫోన్ ఎత్తలేదు.

ఉన్న జబ్బు ఉన్నట్టు రాయి. బీపీ, షుగరు, పాత ఆపరేషన్లు, మోకాలి నొప్పి, అన్నీ. రాస్తే ఏమవుతుంది? ఆ జబ్బుకి కొన్నాళ్లు ఆగాలంటారు. ఇదివరకు నాలుగేళ్ల దాకా ఆపేవాళ్లు, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని మూడేళ్లకి మించకూడదంది. ఇంకో మార్పు కూడా చేసింది. వరసగా ఐదేళ్లు ప్రీమియం కట్టాక, కావాలని చేసిన మోసమని రుజువైతే తప్ప, నువ్వు అది రాయలేదు ఇది దాచావు అని క్లెయిమ్ ఆపడానికి వీల్లేదు. ఇదివరకు ఎనిమిదేళ్లుండేది. అందుకే మీ నాన్న 62లో ఉండగానే మొదలుపెట్టడం మంచిదే. ఒక్క ఏడాది కూడా రెన్యూవల్ తప్పకుండా చూసుకో. ప్రీమియం మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ఏజెంట్ ఇంకా కలిపి చెబుతున్నాడేమో అడుగు.

రెండోది రూం అద్దె. దీన్ని ఎవరూ చదవరు, అందరూ దీని దగ్గరే దెబ్బ తింటారు. ఐదు లక్షల పాలసీలో "రూం అద్దె రోజుకి ఒక శాతం" అని ఉందనుకో. అంటే ఐదు వేలు. మీ నాన్నని మంచి గదిలో పెట్టాలని నువ్వు పదివేల గది తీసుకుంటావు. తేడా రోజుకి ఐదు వేలే కదా, నేను కట్టుకుంటాలే అనుకుంటావు. కాదు నాన్నా. నీకు హక్కున్న గది కన్నా రెట్టింపు గదిలో ఉన్నావు కాబట్టి డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలు, అన్నింటిలోనూ సగమే ఇస్తామంటారు. మొత్తం బిల్లు నాలుగు లక్షలై, అందులో ఈ కోత పడని మందులూ స్టెంట్ లాంటివీ లక్ష అయితే, మిగతా మూడు లక్షల్లో లక్షన్నర నీ నెత్తిన పడుతుంది. గది తేడా కోసం నువ్వు జేబులో పెట్టుకున్న పాతికవేలు ఏ మూలకి? రూం అద్దె మీద పరిమితి లేని పాలసీ తీసుకో, లేదా పరిమితికి లోబడి గది తీసుకో. గది ఏదైనా వైద్యం చేసేది ఆ డాక్టరే.

కో-పే ఎంతుందో కూడా చూడు. పెద్దవాళ్ల పాలసీల్లో ఇరవై శాతం మీరే కట్టాలని ఉంటుంది ఒక్కోసారి. పాలసీ చేతికొచ్చాక ముప్పై రోజుల్లో నచ్చలేదని వాపసు ఇవ్వొచ్చు, ఆ నెల రోజుల్లో కాగితాలన్నీ చదువు. తీరా క్లెయిమ్ అన్యాయంగా ఆపితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లోనే ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నాతో పనిచేసిన ఆవిడకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకూ అప్పట్లో తెలియదు.

ఇక మీ గొడవ. ఆ రోజు నేను కల్పించుకోలేదు, మాట్లాడితే మా ఇద్దరు తమ్ముళ్లలో ఒకడి పక్షాన చేరినట్టవుతుందని.

నీకు పదేళ్లప్పుడు, 2004లో, మీ తాతయ్యకి గుండె ఆపరేషన్ అయింది. కాలవ గట్టు పక్కన అరెకరం అమ్మాం. అమ్మేముందు ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టాం. ఆ డబ్బు వచ్చేలోగా మనిషి ఉంటాడో ఉండడో తెలియక పొలం బేరం పెట్టాం. అవసరానికి అమ్మేవాడి పొలం ధర ఎంత పలుకుతుందో నీకు చెప్పక్కర్లేదు. మీ తాతయ్య బీడీ ముట్టలేదు, మందు ముట్టలేదు, ఎనభై ఏళ్ల మనిషిలా కాదు, యాభై ఏళ్ల మనిషిలా నడిచేవాడు. ఆయన పూచీ ఆయన పడ్డాడు. అయినా గుండె ఆగబోయింది.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం. 2008కల్లా రాష్ట్రమంతా వచ్చింది. తెల్లకార్డు పట్టుకుని వెళ్తే కౌంటర్ దగ్గర దారి చూపే ఆరోగ్యమిత్ర కూర్చుని ఉండేవాడు. మొదటిసారి ఒక రిక్షా లాగే మనిషి పెద్దాసుపత్రిలో స్టెంట్ వేయించుకుని వచ్చి, మా ఓపీ ముందు నిలబడి చొక్కా గుండీలు విప్పి చూపించాడు. స్టెంట్ వేసిన మచ్చ ఛాతీ మీద ఉండదని చెబితే నమ్మలేదు. పార్టీల గోల పక్కన పెడితే, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. మా పొలం గుర్తొచ్చి.

అట్లాగని మీ బాబాయి చెప్పినట్టు కార్డుంటే చాలని నేననను. ఆ పథకం లోపల్నుంచి చూసినదాన్ని. ప్రభుత్వం బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సరిగ్గా ఆ వారమే మీ నాన్నకి నొప్పి వస్తే? జాబితాలో లేని జబ్బుకి కార్డు పనిచేయదు. ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి లేకపోయినా పనిచేయదు. "పరీక్షలకి మాత్రం కట్టండి, ఆరోగ్యశ్రీ అప్రూవల్ వచ్చాక చూద్దాం" అని వేలకి వేలు కట్టించుకున్నవాళ్లని ఎరుగుదును. ఇంకోటి చెప్పాలంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఊళ్లలోంచి ముప్పై ఏళ్లు నిండని ఆడపిల్లలు గర్భసంచి తీయించుకుని వచ్చేవాళ్లు. తెల్లబట్ట అవుతోందని వెళితే క్యాన్సరొస్తుందని భయపెట్టి తీసేశారట. డబ్బు సర్కారిచ్చేది కదా, అడిగేవాళ్లు ఎవరు? తర్వాత కొన్ని ఆపరేషన్లని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. ఆ సొమ్ములో కొంత ముందే మా వార్డులకి పెట్టి ఉంటే బాగుండేదని మా నర్సులందరం అనుకునేవాళ్లం. ఒక మంచం మీద ఇద్దరిని పడుకోబెట్టిన చేతులివి.

మరి నీ మాట? "ఎవడి పూచీ వాడిది" అన్నావు కదా. ఒకసారి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి చదువు. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఇంటికొకరికి అన్నట్టు కిడ్నీలు పోతున్నాయి. నీళ్లన్నారు, మట్టన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. జీడితోటల్లో కూలి చేసుకునే ఆడమనిషి ఏం తప్పు చేసిందని ఆ డయాలసిస్ బిల్లు తనే కట్టుకోమంటావు? వారానికి రెండుసార్లో మూడుసార్లో, బతికున్నన్నాళ్లు.

నీకు ఇంకో లెక్క చెబుతా. నీ కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీలో నాలుగేళ్లుగా ఒక్క క్లెయిమ్ చేయలేదన్నావు. నీ పేరున కట్టిన ప్రీమియం ఎటు పోయింది? మీ ఆఫీసులో ఎవడి కాలో విరిగితే వాడికి పోయింది. వాడు బైక్ ఎంత స్పీడుగా నడిపాడో నువ్వు అడిగావా? బీమా అన్నా, పన్ను అన్నా, అందరూ తలా ఇంత వేస్తే కష్టమొచ్చినవాడు తీసుకోవడమే. నువ్వు కంపెనీకి ఇచ్చేటప్పుడు పూచీ అనుకుంటున్నావు, గవర్నమెంటుకి ఇచ్చేటప్పుడు దండగనుకుంటున్నావు. 1946లోనే, దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పమని వేసిన భోర్ కమిటీ, డబ్బు కట్టలేకపోయినందుకు ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని రాసింది. మాకు నర్సింగ్ స్కూల్లో దాన్ని బట్టీ పట్టించారు. పరీక్ష కోసమే చదివాం, వార్డులోకొచ్చాక అర్థమైంది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం వైద్యానికి మన దేశంలో అయ్యే ప్రతి వంద రూపాయల్లో 2013-14లో 64 జనం జేబులోంచే పోయేవి, 2021-22కి అది 39కి తగ్గింది. తగ్గింది నిజమే, కానీ ఆ 39 పెట్టలేనివాడు ఇప్పటికీ వడ్డీకి తెస్తున్నాడు, నూటికి మూడుకి.

పూచీ అనే మాట నేను కొట్టేయట్లేదు. దానికి టైం ఉంది, అంతే. జబ్బు రాకముందు మనిషి చేతిలో బోలెడుంటుంది. స్ట్రెచర్ మీద పడుకున్నాక ఏమీ ఉండదు. అంబులెన్సులో ఉన్నవాడు ఏ ఆసుపత్రిలో రేటు తక్కువో కనుక్కుంటాడా? రోజూ రెండు మూడు రూపాయల బీపీ మాత్ర మానేసి, ఐదేళ్లకి కిడ్నీ పోయి వచ్చినవాళ్లని వందల్లో చూశాను. ఆ మాత్ర పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. ఇవ్వడం సర్కారు పని, వేసుకోవడం మనిషి పని. మీ నాన్న కూడా తలనొప్పి లేదుగా అని నెలకోసారి నాలుగు రోజులు మానేస్తాడు, నీకు తెలుసా? మాత్రల స్ట్రిప్పులు లెక్కపెట్టాను, అందుకే చెబుతున్నా. పాలసీ కొనేముందు ఆ సంగతి చూడు.

చేయాల్సిందేమిటంటే, కార్డూ ఉంచుకోండి, పాలసీ కూడా తీసుకోండి. నీ పేరు ఇంకా మీ నాన్న రేషన్ కార్డులో ఉందేమో చూసుకో. ఇంట్లో ఆదాయపన్ను కట్టేవాళ్లుంటే కార్డుకి ఇబ్బంది. పెళ్లయి వేరే ఊళ్లో కాపురమున్నవాడివి, నిజం చెప్పి సచివాలయంలో వేరు చేయించుకో, దొంగలెక్కలు మాత్రం వద్దు. పేదా గొప్పా తేడా లేకుండా అన్ని కుటుంబాలకీ వర్తించేలా కొత్త ఆరోగ్య విధానానికి ఆంధ్ర కేబినెట్ 2025 సెప్టెంబరులో ఆమోదం చెప్పింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన పేద కుటుంబాలకి పాతిక లక్షల దాకా, ఆరోగ్యశ్రీని ఇప్పుడు నడుపుతున్న ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు. బాగా నడిస్తే సంతోషమే, నీ ట్యాక్సులోంచి నీ వాటా కూడా వెనక్కొస్తుంది. నడుస్తుందో లేదో తేలేదాకా పాలసీ మాత్రం ఆపకు. ఐదు లక్షలది ఒకటి తీసుకుని, ఐదు దాటాక అందుకునే సూపర్ టాప్‌అప్ దానిమీద వేయించు. ఒకేసారి పాతిక లక్షల పాలసీ తీసుకోవడం కన్నా చవగ్గా పడుతుంది. కంపెనీ పాలసీని నమ్ముకుని కూర్చోకు, ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది.

చేతిలో కొంత నగదు కూడా ఉండాలి, లక్షో లక్షన్నరో. క్యాష్‌లెస్ అన్నా ముందు అడ్వాన్స్ అడుగుతారు. గ్లౌజులనీ దూదనీ కొన్నింటికి కంపెనీ ఇవ్వదు. చిట్టీ పాడి తెచ్చుకునే టైం అప్పుడుండదు.

నాయనమ్మ సంగతి మర్చిపోయావు. ఆవిడకి 84. ఈ వయసులో ఏ కంపెనీ అయినా ప్రీమియం మోత మోగిస్తుంది. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తోంది. దానికి ఆధార్ చాలు. అయితే ఆవిడ వేలిముద్ర పడట్లేదు, బియ్యం దగ్గర కూడా అదే గోల. ఆధార్‌కి ఫోన్ నంబరు లేదు, పాత నంబరు తాతయ్యది. ముందు నీ నంబరు కలిపించు, ఓటీపీ నీకొస్తుంది. ఆదివారం వచ్చేటప్పుడు ఆధార్ సెంటర్‌కి టైం తీసుకుని రా. మీ నాన్న పాత మందుల చీటీలన్నీ ఏడాదివారీగా కుట్టి నా బీరువాలో పెట్టాను. కొత్త ఫారం ఆ చీటీలు ముందేసుకుని మనిద్దరం నింపుదాం. ఏజెంట్‌ని వెంటబెట్టుకురాకు. మీ బాబాయిని మాత్రం తీసుకురా, వాడికీ 58 వచ్చాయి, షుగరు ఉందని మనకి చెప్పకుండా దాస్తున్నాడు.

ఉంటాను,
మీ అత్తయ్య